చిక్కుళ్ళ పండుగ నాడు వద్దన్నాను

మొన్న ఖమ్మం పోతూ బస్సులో నిద్రపోయాను. కొత్తగూడెం దాటాక కిటికీకి తల ఆనించి, నోరు తెరుచుకుని మరీ పడుకున్నానని పక్కన కూర్చున్న మా ఆయన తర్వాత చెప్పి నవ్వాడు. ఇదీ ఒక సంగతేనా అంటారేమో. బస్సెక్కిన క్షణం నుంచి తర్వాతి స్టేజీ ఎంత దూరం, అక్కడ చాటు ఉందా, డ్రైవరు ఆపుతాడా, ఆపకపోతే నా గతేమిటి అనుకుంటూ రెండేళ్ళు ప్రయాణం చేసినదాన్ని. ఆ నిద్ర విలువ నాకు తెలుసు. మెలకువ వచ్చాక కళ్ళనీళ్ళు తిరిగాయి. మళ్ళీ కడుపు నొప్పి మొదలైందేమోనని ఆయన కంగారుపడ్డాడు.

నాకొచ్చిన జబ్బును ఐబీఎస్ అంటారు. తెలుగులో ఏమంటారండీ అని అడిగితే ఖమ్మం డాక్టరుగారు కాసేపు ఆలోచించి "చిరాకు పేగు అనుకోమ్మా" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇంట్లో మా అత్తమ్మకూ నాకూ మా ఆయనకూ ఉన్న చిరాకు చాలదన్నట్టు ఇక పేగుకు కూడానా అనుకున్నాను. ఈ జబ్బుతో ఎవరూ చావరు. చావరు కాబట్టే దీన్ని ఎవరూ జబ్బు కింద లెక్కగట్టరు. నా మటుకు నాకు దీనివల్ల ప్రాణం పోతుందన్న భయం కొన్నాళ్ళే ఉంది. అంతకన్నా ఎక్కువగా, ఎక్కువ రోజులు, నా బడి ఉన్న ఊరు నాకు కాకుండా పోతుందని భయపడ్డాను. ఇప్పుడు కొంచెం తేరుకున్నాను కాబట్టి రాస్తున్నాను. ఇదే అవస్థలో ఉండి ఎవరికీ చెప్పుకోలేక కుములుతున్నవాళ్ళు చదివితే చాలు.

2005, వానాకాలం

నేను పుట్టింది మధిర దగ్గర. పెళ్ళయి మణుగూరు వచ్చాను. మా ఆయన దాసు ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ నడుపుతాడు. కాలనీలో క్వార్టరు. నేను పనిచేసే ప్రాథమిక పాఠశాల అడవి లోపలి ఊళ్ళో ఉంది. ఆటో దిగి వాగు దాటి నడవాలి. ఊళ్ళో అందరూ కోయవాళ్ళు. పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడతారు, బడిలో నా కోసం తెలుగు మాట్లాడతారు, నన్ను తిట్టుకోవాలంటే మళ్ళీ కోయలోకి పోతారు.

నాకు ముందు చేసిన సారు అన్నం డబ్బా, నీళ్ళ సీసా ఇంటి నుంచే తెచ్చుకునేవాడట. ఊళ్ళో చుక్క నీళ్ళు ముట్టలేదట. ఆ ఊరివాళ్ళు ఆయన గురించి చెడుగా ఏమీ అనరు. "ఆ సారు మంచోడే, మా ఊళ్ళె తినకపోయేటోడు" అంటారు, అంతే. ఆ మాటలో ఎంత ఉందో నాకు అర్థమయ్యేది. మా అమ్మ చిన్నతనంలో పెద్దిళ్ళ ముందు నిలబడి దాహమంటే దోసిట్లోకి పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. అందుకే, అంతకు కొన్నేళ్ళ ముందు నేను చేరిన మొదటిరోజే ఎవరింట్లో ఏది పెడితే అది తిన్నాను. మధ్యాహ్న భోజనం వండే జోగమ్మ చేతి పప్పు పిల్లల పక్కన కూర్చుని తిన్నాను. పిల్లలకు పెట్టేముందు టీచరు రుచి చూడాలన్నది ఎలాగూ నియమమే. నేను రుచితో ఆగేదాన్ని కాదు.

వాళ్ళకు కొత్తల ఆచారం ఉంది. మామిడికాయ గానీ చిక్కుడుకాయ గానీ కొత్తగా కాసింది ముందు దేవుడికి పెట్టి, ఊరంతా పంచుకు తిన్నాకే ఇళ్ళల్లో వండుకుంటారు. కంచె మీద చిక్కుడు తీగ విరగ్గాసి ఉన్నా ఆ రోజు వచ్చేదాకా ఒక్క కాయ తెంపరు. ఆ రోజున ఊళ్ళో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక వంతు ఆకులో పెడతారు. మేం ప్రొటెస్టెంటులం. దేవుళ్ళకు పెట్టినది మా ఇళ్ళల్లో తినరు. నేను తిన్నాను. మా అత్తమ్మకు చెప్పలేదు, మా పాస్టరుగారికి అంతకన్నా చెప్పలేదు. ఆ ఊరివాళ్ళు "మా టీచరమ్మ" అనడం మొదలుపెట్టింది ఆ ఆకు దగ్గరే.

2005 వానల్లో నాకు రక్త విరేచనాలు పట్టుకున్నాయి. మందులు వాడితే తగ్గిపోయాయి. జ్వరం తగ్గింది, రక్తం ఆగింది, అందరూ బాగైపోయాననే అనుకున్నారు. కానీ అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపల కడుపులో ఎవరో తడిబట్ట పిండినట్టు మెలిపెట్టడం మాత్రం ఆగలేదు. ఉబ్బరం, గుడగుడ, పరుగు. వెళ్ళి వచ్చినా వెళ్ళినట్టుండదు. ఒక్కోసారి వరసగా రోజులు గడిచినా కదలిక ఉండదు, తర్వాత ఒక్కసారిగా మీద పడుతుంది. బడికి మరుగుదొడ్డి కట్టడం మొదలుపెట్టి గోడల దగ్గర ఆపేశారు. నేను నీళ్ళ సీసా చీరకొంగు కింద దాచుకుని బడి వెనక పొదల్లోకి పోయేదాన్ని. పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పమని చెప్పి, వాళ్ళు పదమూడో ఎక్కంలో తడబడుతుండగా తిరిగొచ్చేదాన్ని. ఆ ఏడు మా బడి పిల్లలకు ఎక్కాలు వచ్చినంత బాగా మండలంలో ఎవరికీ వచ్చి ఉండవు.

ఆ చలికాలం చిక్కుళ్ళ పండుగకు ఎప్పటిలాగే తిన్నాను. తిరిగి వస్తుంటే ఆటోలో, జనం మధ్య, నా వల్ల కాలేదు. ఇంతకన్నా రాయను. పక్కన కూర్చున్న ఒక ముసలామె తన తువ్వాల తీసి నా ఒళ్ళో వేసి, ఇల్లు చేరేదాకా వాగులో నీళ్ళ గురించి, మేకల గురించి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. ఆమె ఎవరో ఇప్పటికీ తెలియదు. ఇంటికి పోయి స్నానాలగదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

2006, ఎండలు ముదిరేదాకా

జబ్బు మనిషిని చూడ్డానికి వచ్చేవాళ్ళు మా కాలనీలో ఏం తెస్తారో అందరికీ తెలుసు. బ్రెడ్డు, పాలపొడి డబ్బా, ఆపిల్ పళ్ళు. మా అత్తమ్మ సువార్తమ్మకు ఆ మూడింటి మీద ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు. చిన్నప్పుడు మిషను దవాఖానాలో ఆమె ప్రాణం నిలబెట్టింది పాలూ రొట్టేనట.

"తిను బిడ్డా, గిది తేలిక. కడుపుకు అల్కగుంటది" అని గ్లాసెడు పాలల్లో బ్రెడ్డు ముంచి తనే తినిపించేది. ఆమె తినిపించేకొద్దీ నేను పరిగెత్తేదాన్ని. నేను పరిగెత్తేకొద్దీ ఇంకా నీరసించిపోయానని ఆమె ఇంకో గ్లాసు తెచ్చేది. అత్తాకోడళ్ళం పోటీపడి నా పేగుల్ని చంపుకుతిన్నాం. అంత ప్రేమగా పెట్టింది పడదని ఎవరనుకుంటారు!

మా చర్చి సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటుంది. నా కోసం అందరూ మోకరించారు. చిత్రంగా ఆ రోజు కడుపు నిశ్శబ్దంగా ఉండేది. అత్తమ్మ లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పేసింది, "దేవుడు నా కోడల్ని ముట్టిండు" అని. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు పాల చాయ్, బన్ను ఇస్తారు. బన్ను సగంలో ఉండగా నేను చర్చి వెనక్కి పరుగు. ఆ సాక్ష్యం సంగతి తర్వాత మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాకు మాత్రం అప్పుడే ఒక అనుమానం తగిలింది. తినని రోజు బాగుంటున్నానంటే గొడవ తిండిలో ఉందేమో! అయితే ఆ అనుమానాన్ని నేనూ ఒక పిచ్చి దారి పట్టించాను. తినడమే తగ్గించేశాను. జాకెట్లు వదులయ్యాయి, చెంపలు లోపలికి పోయాయి. "క్యాన్సరేమో, జల్దీ చూపించండి" అని పక్క క్వార్టరు ఆమె మా ఆయనతో గుసగుసగా అన్నది నాకు వినపడింది. ఆ రోజు నుంచి నా కూతురి జడ వేసి, విప్పి, మళ్ళీ వేసేదాన్ని. అది ఇంకా రెండో తరగతి.

భద్రాచలంలో చూపించాం, తర్వాత ఖమ్మం పోయాం. ఖమ్మంలో డాక్టరుగారి వరండాలో కుర్చీలెన్ని ఖాళీగా ఉన్నా బాత్రూం తలుపు పక్కనున్న వాటికే గిరాకీ. అక్కడ కూర్చున్నవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకోం, కానీ అందరం ఒక్క బాధవాళ్ళమే. నా పేరు పిలవబోయే సమయానికి నాకు కడుపు తిప్పింది. వేంసూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తలపాగా సర్దుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు, "పోయిరామ్మా. పేరు పిలిస్తే నేను లోపలికెళ్ళి నీ గురించి చెప్తాను. ఇక్కడ ఎవరికీ తొందర లేదు, ఉన్నదల్లా ఆ తొందరే." ఆ మనిషి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

గొట్టం వేసి చూశారు. రక్తం చూశారు. ఫలితం కోసం మళ్ళీ అదే వరండాలో కూర్చున్నప్పుడు దాసు నా చెయ్యి పట్టుకున్నాడు. పదిమందిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం పెళ్ళినాటి తర్వాత అదే. డాక్టరుగారు కాగితాలు చూసి, "పుండు లేదు, గడ్డ లేదు" అన్నారు. 

"అంటే ఏం లేనట్టే గద సార్?" అన్నాడు దాసు, పెద్దగా ఊపిరి వదిలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం లేకపోతే ఆటోలో నాకు జరిగిందేమిటి? నేను నోరు తెరిచేలోగా డాక్టరుగారే అన్నారు, "ఏం లేకపోవడమేమిటయ్యా, ఆమె బాధ ఉంది కదా! ఆ విరేచనాలప్పుడు పేగు దెబ్బతిని రేగిపోయింది. లోలోపల కంటికి కనపడని వాపు కొంచెం మిగిలి ఉండొచ్చని కొందరంటారు, అందరికీ ఉంటుందని చెప్పలేం. మందు కొంత పనిచేస్తుంది, తిండి మార్చుకుంటే ఇంకొంత. ఉపవాసాలు మాత్రం మానెయ్యమ్మా, ఎండగడితే పేగు బాగుపడదు."

తర్వాత ఆయన చెప్పింది విని నేనూ దాసూ మొహాలు చూసుకున్నాం. పాలు ఆపాలి. గోధుమ ఆపాలి, అంటే బ్రెడ్డు. ఆపిల్ పళ్ళు వద్దు. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, పప్పులు, చిక్కుడు జాతివి, మసాలాలు, వేపుళ్ళు అన్నీ కొన్ని వారాలు బంద్. అన్నం, సొరకాయ, బీరకాయ, క్యారెట్టు, గుడ్డు, చేప తినొచ్చు. కడుపు శాంతించాక ఒక్కొక్కదాన్నీ కొంచెం కొంచెంగా వెనక్కి తెచ్చుకుని, ఏది పడుతుందో ఏది పడదో చూసుకోవాలి. "ఇది ఎప్పటికీ చేసే పత్యం కాదు, వెతుకులాట. ఇంకొకరికి పడనిది నీకు పడొచ్చు. వాళ్ళనీ వీళ్ళనీ అడక్కు, నీ కడుపునే అడుగు" అన్నారు. రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా మాత్రం ముందు పరీక్షలు చేయించుకోకుండా ఈ తిండి ప్రయోగాలకు దిగొద్దని ఆయన గట్టిగా చెప్పారు. నేనూ మీకు అదే చెబుతున్నాను.

2006, బళ్ళు తెరిచాక

ఉల్లిగడ్డ లేని కూర మా అత్తమ్మ దృష్టిలో కూరే కాదు. "గిదేం కూర? శవం లేచినింట్ల గూడ గింత సప్పగ వండరు" అనేది. నాకు వేరే, వాళ్ళకు వేరే వండలేక నేను విసుక్కునేదాన్ని. దాసు కొన్నాళ్ళు నాతోపాటే తిన్నాడు. తర్వాత షిఫ్టు అయ్యాక క్యాంటీన్లో తినొచ్చి ఆకలిగా లేదనేవాడు. ఒకరోజు ఆయన చొక్కా దగ్గర వెల్లుల్లి కారం వాసన వచ్చింది. వేరే ఆడదాని సెంటు వాసన వచ్చినా అంత గొడవ పెట్టుకునేదాన్ని కానేమో! అరిచాను, ఏడ్చాను, కంచం తోసేశాను. మా కూతురు గోడ చాటున నక్కి చూసింది. అప్పుడు అత్తమ్మ వంటింట్లోకి పోయి బీరకాయ తరిగి, పసుపు, జీలకర్ర, ఉప్పు వేసి వండి, నలుగురికీ అదే కూర వడ్డించింది. తను కూడా మొహం చిట్లించుకునే తిన్నది. "తింటె సచ్చిపోతమా ఏంది" అన్నది కొడుకుతో. నేను ఆమెను అత్తమ్మా అని కాక అమ్మా అని పిలిచింది ఆ రోజే.

కొన్ని వారాలు గడిచేసరికి మెలిపెట్టడం తగ్గింది. ఒక ఉదయం లేచి, కడుపు ఉన్న సంగతే గుర్తులేకుండా ముగ్గు వేశాను. తర్వాత గుడ్డు మీద గుడ్డు పెట్టినంత జాగ్రత్తగా ఒక్కొక్కటీ తెచ్చుకున్నాం. పెరుగు కొంచెం పడింది. పాల చాయ్ పడలేదు. పెసరపప్పు కట్టు గరిటెడు పడింది, కందిపప్పు పడలేదు. వెల్లుల్లి అసలే పడలేదు. ఉల్లికాడల పచ్చటి భాగం పడింది, దానికే ఇంట్లో పండుగ చేసుకున్నాం. గాభరాగా తిన్నా, తిట్టించుకుంటూ తిన్నా, పడే తిండి కూడా పడలేదు. అది మాత్రం ఎవరూ చెప్పకుండా నేనే కనిపెట్టాను.

ఇంట్లో నెగ్గుకొచ్చాను కానీ బడి దగ్గర చిక్కు వచ్చిపడింది. జోగమ్మ వండేది కందిపప్పు లేదంటే సాంబారు. రెంటిలోనూ ఉల్లి, వెల్లుల్లి ధారాళంగా పడతాయి. నేను రుచి చూడడం మానేశాను. "వాసన బాగుంది అక్కా, పెట్టెయ్యి" అనేదాన్ని. తర్వాత ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవడం మొదలుపెట్టాను. గదిలో తలుపు దగ్గరికి వేసుకుని తినేదాన్ని, ఎవరైనా ఏమిటని అడిగితే కడుపు సంగతి చెప్పాల్సొస్తుందని. ఆ పొదల సంగతి, ఆటో సంగతి నోటితో ఎలా చెప్పను? టీచరమ్మనైతిని! జోగమ్మ అంతకుముందు గిన్నెలు కడుగుతూ నాతో ఊరి కబుర్లన్నీ చెప్పేది. ఇప్పుడు వండి, పెట్టి, కడిగి, పోయేది.

ఆ చలికాలం మళ్ళీ చిక్కుళ్ళ పండుగ వచ్చింది. పూజారి కన్నయ్య పెద్దమనిషి. బడికి వచ్చి పిలిచాడు. వెళ్ళాను. వరసలో కూర్చున్నాను. అడ్డాకులో వేడివేడి చిక్కుడుగింజల కూర నా ముందుకు వచ్చింది. దాన్ని చూడగానే కిందటేటి ఆటో గుర్తొచ్చింది.

"వద్దు పెద్దయ్యా. కడుపు బాగుండలేదు" అన్నాను.

"జరంత తిను బిడ్డా. కొత్త గద."

"వద్దండీ" అని ఆకు కొంచెం వెనక్కి జరిపాను.

ఆ జరపడం అందరూ చూశారు. కోయలో ఏదో అనుకున్నారు. కన్నయ్య ఆకు తీసేసి పక్కవాళ్ళకు పెట్టాడు. కడుపు బాగుండలేదన్న మాట ఆ ఊరికి కొత్త కాదు. వచ్చిన ప్రతి ఆఫీసరూ తిండి ముందు పెట్టగానే ఆ మాటే అంటాడు.

మర్నాడు పిల్లలు సగం మంది రాలేదు. తర్వాత ఇంకొందరు మానేశారు. వచ్చినవాళ్ళలో ఒక పిల్లను అడిగితే చెప్పింది, "మా దేవునికి పెట్టింది మీకు పాపమంట గద టీచర్. మీ చర్చోళ్ళు తినొద్దన్నరంట." ఇంటికెళ్ళి ఈ సంగతి చెబితే అత్తమ్మ మొహం వెలిగిపోయింది. "మంచిగ చేసినవ్ బిడ్డా, దేవుడు మెచ్చుతడు" అన్నది. నేను వద్దన్నది దేవుడి కోసం కాదు, పేగు కోసం. కానీ ఊరికి ఎవరు చెప్తారు? పక్క ఊరి సారుతో సహా అందరూ ఒకే సలహా ఇచ్చారు. డాక్టరు కాగితాలున్నాయిగా, ట్రాన్స్‌ఫర్ పెట్టుకో, రోడ్డు మీద బడి అడుగు, అక్కడ బాత్రూం ఉంటుంది అని. నిజంగానే మంచి సలహా. ఆ ఆదివారమంతా దాని గురించే ఆలోచించాను. "మంచిదే, తినకపోయేది" అని నా గురించి కూడా ఆ ఊరు చెప్పుకుంటుందని తలుచుకుంటే భరించలేకపోయాను.

సోమవారం బడి అయ్యాక జోగమ్మ ఇంటికి పోయాను. చాటలో బియ్యం చెరుగుతోంది. కూర్చోమనలేదు. నేనే అరుగు మీద కూర్చున్నాను.

"అక్కా, నీతో మాట్లాడాలి."

"బడి కాడ మాట్లాడనిది ఇంటి కాడ ఏం మాట్లాడ్తవ్?"

"పండుగనాడు నేను తిననిది మీ దేవుడి వల్ల కాదక్కా."

"నాకెరుక." చాట పక్కన పెట్టింది. "అంతకుముందు తిన్నవ్ గద, అప్పుడు మీ దేవుడు నిద్ర పోయిండా? దేవుడు గాదు. నా చెయ్యి. మొదాలు నా పప్పు రుచి సూసుడు బంద్ జేసినవ్. ఎన్క డబ్బ తెచ్చుకున్నవ్. తలుపేసుకోని తింటున్నవ్. నా వంట తినే నీకు బేదులు పట్టినయని నీ మనసుల ఉన్నది. రేపు పెద్దసారు వచ్చి ఈమె వంట మంచిది గాదంటె నా పని పోతది. పోతే పోనీ. పసిపిల్లలకు పాడుతిండి పెట్టిందనే మాట మీదవడ్తె నేను ఊళ్ళె ఎట్ల తిరగాలె?"

నా సిగ్గు గురించి ఆలోచించుకుంటూ ఇన్నాళ్ళూ ఆమెను ఎంత నరకంలో పెట్టానో! ఇక ఏమీ దాచలేదు. మెలిపెట్టడం, పరుగు, ఖమ్మం, గొట్టం, పత్యం అన్నీ చెప్పాను. ఆటో సంగతి కూడా, ఇక్కడ రాయనంత వివరంగా చెప్పాను. "నీ పప్పు ఒక్కటే కాదక్కా, మా అత్తమ్మ పెట్టిన పాలు కూడా పడలేదు. పప్పు ఎవరు వండినా నాకు పడదు" అన్నాను.

జోగమ్మ చాటలోంచి ఒక రాయి ఏరి అవతలకి విసిరింది. "పొదలల్లకు పోతున్నవని నాకు తెల్వదా? ఆ తోవల ముళ్ళకంప ఎవరు కొట్టిండ్రనుకున్నవ్?"

"పిల్లలనుకున్నాను."

"పిల్లలకు నీ తిప్పలేం తెల్సు! నేనే కొట్టిన. చీర చిరుగుతదని. గింత బాధ పెట్టుకోని నోట్లె నాలుకె లేనట్టు ఉన్నవేంది? చెప్తె మేం నవ్వుతమనా?"

అవునన్నట్టు తలూపాను. 

"నవ్వుతం మరి. ఆటోలనా?" అని నిజంగానే నవ్వడం మొదలుపెట్టింది. నాకు ముందు ఉక్రోషం వచ్చింది, తర్వాత నాకూ నవ్వాగలేదు. అరుగు మీద ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. 

"సరే, ఏం పడ్తది చెప్పు" అన్నది కళ్ళు తుడుచుకుని.

"అన్నం. బీరకాయ, సొరకాయ. గుడ్డు. వాగు చేప."

"ఉల్లిగడ్డ?"

"పడదు."

"ఎల్లిగడ్డ?"

"అదసలే పడదు."

"అయ్యో, పాపం నీ మొగడు" అన్నది.

జోగమ్మకు చెబితే ఊరికి మైకులో చెప్పినట్టే. రెండు రోజుల్లో నా పేగుల చరిత్ర పూజారి దగ్గర నుంచి మేకలు కాసేవాళ్ళ దాకా అందరికీ తెలిసిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. తనిఖీకి వచ్చిన సారు ముందు మూడో తరగతి పిల్ల లేచి నిలబడి, "టీచర్, ఇయ్యాల మీ కడుపు మంచిగున్నదా?" అని అడిగితే నేనెక్కడ తల పెట్టుకోను! కానీ ఆ రోజు నుంచి తలుపు వేసుకుని తినలేదు. పిల్లల వరసలోనే కూర్చున్నాను. జోగమ్మ నా కోసం పోపుకు ముందే సొరకాయ ముక్కలు కొన్ని ఉప్పునీళ్ళలో ఉడికించి తీసిపెట్టేది. పప్పు మాత్రం చెంచా చివరతో నాలుక మీద పెట్టుకుని బాగుందనో ఉప్పు తక్కువైందనో చెప్పేదాన్ని. ఆ మాత్రానికి పేగు ఏమీ అనలేదు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకోలేదు.

2007, చలికాలం

జబ్బు పూర్తిగా పోలేదు, పోతుందని డాక్టరుగారూ అనలేదు. నెలలో ఒకటి రెండు రోజులు కోపం తెచ్చుకుంటుంది. అప్పుడు వేడినీళ్ళ సీసా కడుపు మీద పెట్టుకుని, మెత్తటి అన్నం తిని, ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా ఉంటాను. చివరిది కష్టమే.

ఆ ఏడు పండుగకు పిలుపు వస్తుందని నేను అనుకోలేదు. తిననిదాన్ని పిలిచి మళ్ళీ ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకుంటారేమో అనుకున్నాను. అలా ఊరుకున్నా తప్పు పట్టకూడదని మనసుకు చెప్పుకున్నాను గానీ పొద్దుటి నుంచి నా చూపు గుమ్మం వైపే ఉంది. కన్నయ్య రాలేదు. జోగమ్మ వచ్చింది. "లెవ్, పిల్లల్ని గూడ తోలుకరా" అన్నది.

వరసలో కూర్చున్నాను. జోగమ్మ నా పక్కన. కన్నయ్య ఆకులు పెట్టుకుంటూ వచ్చాడు. నా ముందుకు వచ్చి చేతిలో ఆకుతో ఆగిపోయాడు. వరస మొత్తం మా వైపు చూస్తోంది. ఒక్క గింజ తిందామా అనుకుని చెయ్యి చాపబోయాను.

జోగమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "ఆమె వంతు నాకెయ్యి పెద్దయ్యా" అన్నది అందరికీ వినపడేలా.

"ఆమె వంతు నీకెట్ల?" అన్నాడు కన్నయ్య.

"ఆమెకు వంతు పెట్టాలె గద? పెట్టు. ఆమె తిననీకె లేదు, అందుకె ఆమె పేరు మీద నేను తింట. ఊళ్ళె మనిషి వంతు నేల పాలు చేస్తమా ఏంది?"

కన్నయ్య పక్కనున్న ముసలివాళ్ళను కోయలో ఏదో అడిగాడు. వాళ్ళు తలలూపారు. అప్పుడాయన ఆకు నా ముందే పెట్టాడు. నా ముందు పెట్టి, నా పేరు చెప్పి, చిక్కుళ్ళు వడ్డించి, తర్వాత దాన్ని జోగమ్మ వైపు జరిపాడు.

జోగమ్మ తన వంతు తిన్నది. తర్వాత నా వంతు ముందుకు లాక్కుని, ఒక్క గింజ వదలకుండా, నెమ్మదిగా, నా మొహం చూస్తూ తిన్నది. నేను ఒట్టి అన్నంలో ఉప్పు కలుపుకుని తిన్నాను. ఎంత ఆపుకుందామన్నా కన్నీళ్ళు ఆగలేదు, అన్నంలో పడుతున్నాయి.

జోగమ్మ మోచేత్తో పొడిచింది. "ఏడ్వకు టీచరమ్మా. ఏడిస్తె మళ్ళ కడుపు తిప్పుతది. నీ ఎంట పొదలల్లకు కావలి రమ్మంటె ఇయ్యాల నాతోని గాదు. ఇద్దరి తిండి తిన్న."